చిగుళ్ల నుంచి రక్తం ఆగే దాకా: వాటర్ ఫ్లాసర్‌తో నా అనుభవం

ఆఫీసు నుంచి వస్తూ బెంగళూరు మారతహళ్లి బ్రిడ్జి దగ్గర బండి మీద జామకాయ కొన్నాను. కొరికిన చోట తెల్లటి గుజ్జు మీద సన్నగా ఎర్రటి గీత. కారం అనుకున్నాను, కానీ కారం వద్దని చెప్పి ఉప్పు మాత్రమే రాయించుకున్న కాయ అది. వేలితో తుడిచి ఇంకో వైపు కొరికాను, అక్కడా అదే గీత. ఇంటికి వెళ్లి అద్దం ముందు నోరు తెరిచి చూసుకుంటే కింది కుడి దవడ పళ్ల దగ్గర చిగురు ఎర్రగా, ఉబ్బినట్టు, వేలితో నొక్కితే మెత్తగా ఉంది.

అంతకు ముందు ఏడాదిన్నర నుంచే బ్రష్ చేసుకున్నాక ఉమ్మే నురగ గులాబీ రంగులో వస్తోంది. అందరికీ వచ్చేదే కదా అనుకున్నాను. బ్రష్ గట్టిగా ఉందేమోనని మెత్తది కొన్నాను, ఉప్పు పేస్టుకి మారాను, అమ్మ చెప్పిందని గోరువెచ్చటి ఉప్పు నీళ్లు పుక్కిలించాను, ఇవన్నీ చేస్తూనే రక్తం వచ్చే చోట బ్రష్ తగలకుండా పక్కనుంచి పోనిచ్చేదాన్ని. నేను చేసిన అసలు తప్పు ఇదే. నాలాగే చేస్తున్నవాళ్లు చాలామంది ఉంటారని తెలుసు కాబట్టే ఇదంతా రాస్తున్నాను.

డాక్టరు దగ్గరకి వెళ్తానంటే హిందూపురం నుంచి ఫోన్లో అమ్మ ఒప్పుకోలేదు. "ఆ మిషను పెట్టి గీకితే పళ్లు కదిలిపోతాయి పాపా, మీ పెద్దమ్మకి అట్లే అయింది" అంది. పెద్దమ్మకి నిజంగానే క్లీనింగ్ చేయించుకున్న ఆరు నెలలకి రెండు పళ్లు ఊడిపోయాయి, కాబట్టి నాకూ భయమే. ఇంకో రెండు వారాలు వాయిదా వేశాను. ఆ తర్వాత ఒక ఆదివారం ఉదయం లేచేసరికి దిండు మీద చిన్న మరక కనిపించింది, సోమవారమే వెళ్లాను.

క్లినిక్‌లో డాక్టరమ్మది నెల్లూరు, నాతో తెలుగులోనే మాట్లాడారు. అసిస్టెంటు అమ్మాయి మాత్రం కన్నడలో "స్వల్ప బాయి తెగీరి మేడం" (కొంచెం నోరు తెరవండి) అంటూ లైటు సర్దింది. డాక్టరమ్మ చేతిలో గీతలున్న సన్నటి పుల్లలాంటి ఉక్కు పరికరం ఉంది, దాన్ని పంటికీ చిగురికీ మధ్య మెల్లగా దించి, ఎంత లోతు దిగిందో మిల్లీమీటర్లలో చెబుతుంటే ఆ అమ్మాయి రాసుకుంటోంది. ఒక్కో పంటికి ఆరు చోట్ల, బయట మూడు, లోపల మూడు. "రెండు, రెండు, మూడు. మూడు, రెండు, మూడు." ఒకటి నుంచి మూడు దాకా మామూలేనట, నాలుగు గానీ ఆపైన గానీ వస్తే చిగురు పంటిని వదిలేసి సంచీలాగా తయారవుతోందని అనుమానించాలట. కింద కుడి వైపుకి వచ్చేసరికి "నాలుగు, నాలుగు, ఐదు" అని వినిపించింది. అంతకు ముందు వరకు లెక్కలా వింటున్నదాన్ని, ఆ ఐదు విన్నాక అరచేతులు చల్లబడ్డాయి. మొత్తం మీద ఐదులు రెండు, నాలుగులు చాలా. పుల్ల తగిలిన చోటల్లా రక్తం.

ఎక్స్‌రే తీశాక చెప్పారు, చాలా చోట్ల చిగురు వాపు మాత్రమే, అది పూర్తిగా తగ్గుతుంది, కానీ ఐదులు వచ్చిన చోట ఎముక కొద్దిగా అరగడం మొదలైంది, ఆ పోయిన ఎముక దానంతటది తిరిగి రాదు, ఇక్కడితో ఆపడమే మన పని అని. అమ్మ మాట కూడా అడిగాను. ఆవిడ కోప్పడలేదు, చాలా ఓపికగా చెప్పారు: "కదులుతున్న పళ్లని, వాటి మీద గట్టిగా పేరుకున్న గార అంటిపెట్టుకుని కదలనివ్వకుండా పట్టి ఉంచుతుందమ్మా. గార తీసేస్తే ఆ కదలిక బయటపడుతుంది. జనం క్లీనింగ్ వల్ల కదిలాయనుకుంటారు. కదిలించింది ఆ గారే." పెద్దమ్మ విషయం అప్పుడు అర్థమైంది, ఆవిడ వెళ్లిందే ఆలస్యంగా.

ఇంకో ప్రశ్న కూడా అడిగాను, ఎందుకంటే మా అపార్టుమెంట్లో అందరూ అదే అంటారు. మాకు వచ్చేది బోరు నీళ్లు, లేకపోతే ట్యాంకరు నీళ్లు, రెండూ గట్టి నీళ్లే, కుళాయిల మీద తెల్లగా పేరుకుంటుంది, మరి పళ్ల మీద గార కూడా దాని వల్లేనా అని. కాదట. మనం బ్రష్ చేసుకున్న కొన్ని గంటలకే పంటి మీద మళ్లీ పాచి పొర పట్టడం మొదలవుతుంది, అది సూక్ష్మజీవుల పొర, తీయకుండా వదిలేస్తే మన లాలాజలంలో ఉండే సున్నమే దాంట్లో చేరి రోజుల్లోనే గట్టిపడుతుంది. పాచిగా ఉన్నంతవరకు మన చేతిలో పని, గారయ్యాక డాక్టరు చేతిలో పని. ఈ ఒక్క ముక్క నాకు ఎవరైనా పదేళ్ల కిందట చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

క్లీనింగ్ రెండు సిట్టింగుల్లో అయిపోయింది. చల్లటి నీళ్లు చిమ్ముతూ గుయ్‌మంటూ సన్నటి చప్పుడు, ఐదులున్న చోట మాత్రం మత్తు సూది ఇచ్చి చిగురు లోపలికి దిగి చేశారు. తర్వాత వారం రోజులు చల్లనివి తాగితే జివ్వుమంది, ముందు పళ్ల వెనక నాలుకకి సందులు తగిలి కొత్తగా అనిపించింది. అవి కొత్తగా పుట్టిన సందులు కావు, ఇన్నాళ్లూ గార నింపేసిన సందులు.

అసలు కథ ఆ తర్వాత మొదలైంది. ఇంట్లో రోజూ సందులు శుభ్రం చేసుకోవాలి, బ్రష్ అక్కడికి వెళ్లదు అన్నారు. ఫ్లాస్ దారం తెచ్చుకున్నాను. ముందు పళ్లకి బాగానే వచ్చింది, వెనక దవడలకి రెండు వేళ్లు నోట్లో పెట్టగానే వాంతి వచ్చినట్టయ్యేది. పైగా నాకు కింద కుడి వైపు బ్రిడ్జి ఉంది. ఒక పన్ను పోతే అటూ ఇటూ ఉన్న రెండు పళ్లకి క్యాపులు పెట్టి మధ్యలో కృత్రిమ పన్ను కలిపి కట్టినది. మూడూ ఒకే ముక్క కాబట్టి పైనుంచి దారం దిగదు, సూదిలాంటి దానికి ఎక్కించి కింద నుంచి లాగాలి. అది వేసినప్పుడు ఆ పాత క్లినిక్‌లో దాని కింద శుభ్రం చేసుకోవాలని గానీ, ఎలా చేసుకోవాలని గానీ ఒక్క మాట చెప్పలేదు. ఏడేళ్లు దాని కింద అన్నం మెతుకులూ తోటకూర పీచూ చేరుతూనే ఉన్నాయి. రెండు ఐదులూ ఆ బ్రిడ్జి పక్కనే వచ్చాయంటే ఆశ్చర్యమేముంది! దీని గురించి నాకు ఇప్పటికీ బాధే. బ్రిడ్జి వేయించుకున్న ప్రతివాళ్లూ దాని కింద ఎలా కడగాలో చేసి చూపించమని అడగండి.

నాలుగు రోజుల్లోనే దారం మానేశానని ఫోన్ చేసి చెప్పేశాను. దాచి లాభం లేదు కదా. అప్పుడు డాక్టరమ్మ వాటర్ ఫ్లాసర్ వాడమన్నారు, అంటే పళ్ల సందుల్లోకి సన్నటి నీటి ధార కొట్టే చిన్న మిషను. దారం దూరేంత బిగుతు సందులకి దారమే మంచిది, వెడల్పు సందులకి సన్నటి చిన్న బ్రష్‌లు వస్తాయి, బ్రిడ్జి కిందికీ దవడ వెనక్కీ నీటి ధార సులువు, ఏది మానేయకుండా రోజూ చేయగలవో అదే నీకు పనికొస్తుంది అన్నారు.

రెండు వేల చిల్లర పెట్టి ఛార్జింగ్‌ది, చేత్తో పట్టుకునేది కొన్నాను. ఇది కొత్త వస్తువేమీ కాదు, అమెరికాలోని కొలరాడోలో ఒక పళ్ల డాక్టరు, ఒక ఇంజనీరు కలిసి 1962లోనే దీన్ని తయారు చేశారు. లోపల చిన్న పంపు ఉంటుంది, నీళ్లు ఏకధాటిగా రావు, తడవ తడవకీ ఆగి ఆగి కొడుతుంది, అదీ నిమిషానికి వెయ్యికి పైగా సార్లు. ఆ కొట్టి వదలడంలోనే ఉంది పని అంతా, కొట్టినప్పుడు చిగురు కొద్దిగా నొక్కుకుంటుంది, వదిలినప్పుడు లోపలున్నది బయటికి కొట్టుకొస్తుంది.

మొదటి రాత్రి గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఆ ఒక్క రాత్రితోనే దాన్ని అటక మీద పెట్టేస్తారు. గోరువెచ్చటి నీళ్లు పోసి, స్విచ్ వేసి తర్వాత నోట్లో పెట్టుకున్నాను, అద్దం, గోడ, నా నైటీ అన్నీ తడిసిపోయాయి. ముందు మిషను ముక్కు, అంటే ధార వచ్చే సన్నటి గొట్టం, నోట్లో పెట్టుకుని, పెదాలు దాని చుట్టూ వదులుగా మూసి, తల సింకు మీదికి బాగా వంచి, అప్పుడు స్విచ్ వేయాలి. నీళ్లని నోట్లో పట్టి ఉంచకూడదు, నోటి మూల నుంచి అవే సింకులోకి కారిపోతూ ఉండాలి. ఈ కారనివ్వడం అలవాటు కావడానికే నాకు మూడు రోజులు పట్టింది. ధార అన్నిటికంటే తక్కువ ఒత్తిడిలో పెట్టుకుని చివరి దవడ పన్ను వెనక నుంచి మొదలుపెట్టి, పన్ను చిగురు కలిసే గీత వెంబడే, ధార పంటికి అడ్డంగా నేరుగా తగిలేట్టు పట్టుకుని, ఒక్కో సందు దగ్గర ఒక క్షణం ఆగి ముందుకి రావాలి. బయట వైపు ఒక చుట్టు, నాలుక వైపు ఒక చుట్టు. కిందికి గుచ్చినట్టు చిగురులోకి కొట్టకూడదు.

బ్రిడ్జి దగ్గరకి వచ్చి కింద పెట్టగానే ముదురు గోధుమ రంగు పలుకు ఒకటి సింకులో పడింది, దాని వెనకే వాసన. మురుగు కాలువ మూత తీసినప్పుడు వచ్చేలాంటి వాసన. ఆ రోజు మధ్యాహ్నం కూడా శుభ్రంగా బ్రష్ చేసుకున్న నోరు అది. తర్వాత నీళ్లు గులాబీ రంగుకి తిరిగాయి, ఇంకాస్త ఎర్రగా అయ్యాయి. భయపడి ఆపేశాను.

మర్నాడూ రక్తం. వారం తర్వాత కూడా వస్తోంది. మిషను వల్లే గాయమవుతోందా అన్న టెన్షన్‌తో మళ్లీ ఫోన్ చేశాను. "గాయం వల్ల కాదు, వాపు వల్ల. వాపు ఉన్న చోటుని వదిలేస్తే వాపు అలాగే ఉంటుంది. తక్కువ ఒత్తిడిలో రోజూ చెయ్యి, రెండు వారాలకీ తగ్గకపోతే రా" అన్నారు. అప్పుడు నాకు ధైర్యం ఇచ్చింది ఒక పాత ప్రయోగం గురించి చదవడం. 1965లో డెన్మార్క్‌లో హరాల్డ్ లోయె అనే పళ్ల పరిశోధకుడు పన్నెండు మందిని పళ్లు తోముకోవడం పూర్తిగా మానేయమన్నాడు. మూడు వారాల్లోపే అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ తోముకోవడం మొదలుపెట్టిన వారం రోజులకి అవి మామూలైపోయాయి. వాళ్లకి మూడు వారాల వాపు, నాది ఏడేళ్ల బ్రిడ్జి. ఇంకొన్ని రోజులు ఆగొచ్చులే అనుకున్నాను.

పన్నెండో రోజు రాత్రి నీళ్లు తెల్లగా వచ్చాయి. ఎడమ వైపు మొత్తం తెల్లగా, కుడి వైపు బ్రిడ్జి దగ్గర ఒక్క చిన్న చార. ఆ నీళ్లు అలా పోతుంటే కాసేపు సింకు దగ్గరే నిలబడ్డాను.

అయితే ఈ మిషను గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఇది కొన్నాం కదా అని బ్రష్ చేయడం తగ్గించినా, ఇక క్లీనింగ్ అక్కర్లేదనుకున్నా మోసపోతాం. నీటి ధార ఇరుక్కున్న తిండినీ, వదులుగా ఉన్న పాచినీ కొట్టేస్తుంది, పంటికి అతుక్కున్న పొర పోవాలంటే మాత్రం రాపిడి కావాలి, అది బ్రష్‌దో దారానిదో పని. గట్టిపడ్డ గారని ఏ ధారా కదిలించలేదు. వైద్య పరిశోధనలని జల్లెడ పట్టే కోక్రేన్ వాళ్లు 2019లో ఇలాంటి పరికరాల మీద 35 పరీక్షలని కలిపి చూశారు. బ్రష్‌కి తోడు నీటి ధార వాడితే నెల రోజుల దగ్గర చిగురు వాపు తగ్గినట్టు కనిపించింది, మూడు నెలలు, ఆరు నెలల దగ్గర ఆ తేడా నిలబడలేదు, పాచి విషయంలో బ్రష్ ఒక్కటే వాడినవాళ్లకీ వీళ్లకీ తేడా తేలలేదు, ఆధారాలు కూడా బలమైనవి కావని వాళ్లే రాశారు. ఇది చదివాకే నేను మళ్లీ దారం పట్టాను, ముందు పళ్లకి మాత్రం. వెడల్పు సందు రెండు చోట్ల సన్నటి బ్రష్. దవడలకీ బ్రిడ్జికీ నీళ్లు. అన్నీ కలిపి నాలుగు నిమిషాలు కూడా పట్టదు, ఆ తర్వాత మామూలు బ్రష్, పడుకునే ముందు. నా లెక్కలో ఈ మిషను విలువ ఎక్కడుందంటే, నేను మానేయకుండా చేయగలిగిన మొదటి పద్ధతి ఇది, దీని ద్వారానే మిగతావీ అలవాటయ్యాయి.

మూడో వారంలో ధార సన్నబడిపోయింది. ఛార్జింగ్ నిండుగానే ఉంది. ముక్కు ఊడదీసి లైటు కింద పెట్టి చూస్తే సూది బెజ్జమంత రంధ్రం చుట్టూ తెల్లటి పొక్కు కట్టింది, గీజరు కాయిల్‌కి పట్టేలాంటిది. బోరు నీళ్లు పోస్తున్నాను కదా! సమానంగా వెనిగరూ గోరువెచ్చటి నీళ్లూ కలిపి ట్యాంకులో పోసి సింకులోకి నడిపించాను, ముక్కుని అందులోనే అరగంట నానబెట్టాను, తర్వాత మంచినీళ్లతో రెండుసార్లు కడిగాను. ధార మళ్లీ వచ్చింది. అప్పటి నుంచి తాగే ఫిల్టర్ నీళ్లే పోస్తున్నాను, నెలకోసారి వెనిగర్. 2024 వేసవిలో బెంగళూరులో బోర్లు ఎండిపోయి ట్యాంకర్ల కోసం కాచుకున్న రోజులు చూశాక ఫిల్టర్ నీళ్లు సింకులో పోయాలంటే మనసొప్పదు, కానీ నా మిషను ట్యాంకు పట్టేది రెండు వందల మిల్లీలీటర్లు, ఒక గ్లాసు. ఆ గ్లాసుతోనే పని అయిపోయేట్టు నేర్చుకున్నాను. ఇంకొకటి, వాడగానే ట్యాంకు ఖాళీ చేసి మూత తెరిచి ఆరబెట్టాలి. ఒకసారి ఊరికి వెళ్తూ నీళ్లు అలాగే వదిలేస్తే వచ్చేసరికి లోపల జిగురు పట్టింది. నోటిని కడుక్కునే వస్తువులోనే పాచి పెంచుకున్నట్టు. ముక్కులు కూడా మూడు నుంచి ఆరు నెలలకి మార్చాలి. గుండె కవాటం మార్పించుకున్నవాళ్లు, గుండెకి ఇన్ఫెక్షన్ ముప్పు ఉందని చెప్పించుకున్నవాళ్లు మాత్రం డాక్టరుని అడగకుండా మొదలుపెట్టొద్దు.

మూడు నెలలకి మళ్లీ ఆ కుర్చీ, మళ్లీ ఆ గీతల పుల్ల. ఈసారి ప్రతి అంకే చెవులు రిక్కించి విన్నాను. రెండు, రెండు, రెండు. నాలుగులు చాలావరకు మూడులయ్యాయి. బ్రిడ్జి ముందు వైపు ఐదు మూడయింది, వెనక వైపు ఐదు నాలుగు దగ్గర ఆగింది. రక్తం మూడే చోట్ల. వాపు దిగితే చిగురు బిగుసుకుని లోతు తగ్గుతుందట, ఎముక పెరిగినట్టు కాదు, ఆ తేడా మనసులో పెట్టుకోమన్నారు. ఆ నాలుగు కోసం ఇంకో మూడు నెలలకి రమ్మన్నారు. క్లీనింగూ ఎక్స్‌రే కలిపి నాకు ఆరు వేలు దాటింది, అంత పెట్టలేనివాళ్లకి ఫోర్ట్ దగ్గర ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది, మా ఇంట్లో పనిచేసే ఆమెని అక్కడికే పంపించాను.

ఉగాదికి అమ్మ వచ్చింది. పన్నెండేళ్లుగా షుగర్. రాత్రి నేను సింకు మీద వంగి ఉంటే వెనక నిలబడి చూసింది, తన నోరు చూపించమంటే చూపించలేదు. మర్నాడు పప్పులో మామిడికాయ ముక్క నమల్లేక పక్కన పెట్టడం చూశాను, ఎడమ వైపు అసలు నమలడమే మానేసి చాలా కాలమైందట. షుగర్ ఎక్కువుంటే చిగుళ్లు పాడవుతాయి, చిగుళ్లు పాడైతే షుగర్ అదుపు తప్పుతుంది, ఒకదాన్నొకటి లాగుతాయని డాక్టరమ్మ చెప్పినట్టే చెప్పాను. "వద్దు పాపా" అనే అంది. పెద్దమ్మ సంగతి, గార పంటిని పట్టి ఉంచే సంగతి చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "పీకుతానంటే మాత్రం లేచి వచ్చేస్తా" అంది.

అమ్మ అంకెల్లో ఆరులు ఉన్నాయి. ఒక పన్ను కదులుతోంది, దాన్ని కాపాడగలమో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు. షుగర్ పరీక్ష చేయించుకుని రమ్మని, నాలుగు సిట్టింగులని చెప్పారు. సూది ఇచ్చేటప్పుడు నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజు గుచ్చుకుని గుర్తు పడింది. రెండు సిట్టింగులు అయ్యాయి, మిగతా రెండూ అయ్యేదాకా ఊరికి వెళ్లనని తనే నాన్నకి ఫోన్ చేసి చెప్పింది.

నిన్న రాత్రి బాత్రూం తలుపు తెరిచే పెట్టుకుని, కొంగు నడుముకి దోపుకుని, నీళ్లు పోసి సిద్ధంగా నిలబడి పిలిచింది. "పాపా, నాది ఎర్ర రింగుదా, నీలం రింగుదా?"

"నీలం రింగు ముక్కు నీది మా. ముందు నోట్లో పెట్టుకో, తర్వాత స్విచ్."